ఎవరూ కొనని మంచి క్రేటు

ఆ రోజుల్లో, అంటే టమోటా క్రేటును చూస్తే నాకు దిగులు పుట్టడం ఇంకా మొదలుకాని రోజుల్లో, మంచి వస్తువు చేస్తే జనం ఎగబడి కొంటారని నమ్మేవాణ్ణి. కుప్పంలో ఇంజనీరింగ్ చదివి, పుంగనూరులో ప్లాస్టిక్ క్రేట్లు చేసే చిన్న కంపెనీలో చేరాను. ఓనరు మొదటిరోజే తేల్చి చెప్పాడు: "సూడప్పా, మదనపల్లె మార్కెట్లో అమ్ముడుపోయే క్రేటొకటి చేసియ్యి. పోయిందా, నీ ఉద్యోగం పర్మనెంటు. పోలేదా, ఇంకో చోటు సూసుకో." మా ఇంట్లో కూలికి కాకుండా నెలజీతానికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే. ఆ రెండో మాట విన్నప్పటినుంచి నాకు అన్నం సయించలేదు.

మొదట గోడలు పలచన చేశాను. ప్లాస్టిక్ ఆదా అయి ధర తగ్గింది. రైతులు చూసి, "లోపల చోటెక్కువుండాది. క్రేటు లెక్కన అమ్మేటోళ్ళం, కాయలు ఊరికే పోతాయి" అన్నారు. సరేనని గోడలు మందం చేశాను. ఈసారి వ్యాపారులు లోపల చెయ్యి పెట్టి, "ఇదేందప్పా, కాయలు తక్కువ పడతాండాయి" అని మొహం తిప్పుకున్నారు. ఖర్చు విని ఓనరూ తిప్పుకున్నాడు. (నేనెటు తిప్పుకోవాలో తెలియలేదు.) చివరికి లోపలి చోటు మార్కెట్లో తిరిగే పాత క్రేటంతే ఉంచి, అడుగున గట్టి పట్టీలు వేసి, పట్టుకునే అంచులు గుండ్రంగా మలిచాను. కాయ నలగదు, వేళ్ళు కోసుకుపోవు. ధర కాస్తే ఎక్కువ. కంప్యూటర్లో దాన్ని చూసుకుని మురిసిపోయేవాణ్ణి. (తర్వాత పెళ్ళిచూపుల్లో పిల్లను కూడా అంతసేపు చూడలేదు.)

శాంపిల్ తీసుకుని రామసముద్రంలో కౌలుకు టమోటా వేసే మా మేనమామ దగ్గరికి వెళ్ళాను. ఆయన దాన్ని ఎత్తి కిందేశాడు, బోర్లించి మీద కూర్చున్నాడు. "బాగుండాదప్పా. ఇంత మంచి క్రేటు యాడా సూడలేదు" అన్నాడు.

"అయితే ఎన్ని తీసుకుంటావు మామా?"

"ఒకటి గూడా వద్దు."

"యాల?"

"మార్కెట్లో మన క్రేట్లు కాయల్తోనే లారీ ఎక్కి పోతాయి. మనకు అన్నే ఖాళీవి, ఎవురివో ఇస్తారు. నేను ఎక్కువ పెట్టి నీది కొంటే, నాకు పగిలింది వస్తాది. నీ మంచిది ఎవురింట్లో ఉంటాదో."

మదనపల్లెలో అందరిదీ అదే మాట. అందరూ మెచ్చుకున్నారు, ఒక్కరూ కొనలేదు. తిట్టి ఉంటే సరిచేసుకునేవాణ్ణి, మెచ్చుకునేవాళ్ళను ఏం చెయ్యాలి? పుంగనూరు బస్సులో కిటికీ వైపు తిరిగి నిజంగానే ఏడ్చాను.

ఓనరు అంతా విని, పాత క్రేటొకటి నా ముందు పెట్టాడు. "దీని మాదిరే చెయ్యి. రంగూ అదే, అంచూ అదే. కలిపేస్తే మనది మనకే తెలీకూడదు." ఎంతో ఇష్టంగా వేసిన పట్టీలను నా చేత్తోనే తీసేశాను. గుండ్రటి అంచులను మళ్ళీ గరుకు చేశాను. అవి బాగా అమ్ముడుపోయాయి. ఉద్యోగం పర్మనెంటయింది. కంపెనీలో అందరూ అభినందిస్తుంటే, ఎవరో పోయినట్టు నిలబడ్డాను.

నా క్రేటు గురించి వీధంతా చెప్పుకున్న మా అమ్మ, ఒకరోజు పట్టుబట్టి నాతో మదనపల్లె మార్కెట్టుకొచ్చింది. గుట్టలుగుట్టలుగా ఉన్న క్రేట్ల ముందు ఆగి, "దీంట్లో నువ్వు చేసింది యాది, సూపించప్పా" అంది. చేతికందిన దాన్ని చూపించాను. అమ్మ దాన్ని కొంగుతో తుడిచి, "శానా బాగుండాది" అంది. అది మాదే అయ్యుంటే బాగుండునని నేనూ చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. అలా నిలబడ్డవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, పాపం.