చెరువు నడుమ చచ్చిన బ్యాటరీ

మొన్న పొద్దున షాద్‌నగర్‌లో నేను కిరాయికి ఉంటున్న గదిలోకి పక్క గదిలోంచి మిక్సీ కాలిన వాసన వచ్చింది. మోటారు లోపలి తీగచుట్ట మాడితే వచ్చే వాసన అది, కొంచెం తియ్యగా, కొంచెం చేదుగా గొంతులో దిగి కూర్చుంటుంది. పక్క గది అమ్మాయి చట్నీ పోయిందని ఏడుస్తుంటే నాకు మాత్రం ఒక మహాగాథ గుర్తుకొచ్చింది. నౌక, నౌకానాయకుడు, నడినీటిలో ఆగిన ఇంజను, ఒడ్డున గుండెలు చిక్కబట్టుకున్న జనం, అన్నీ ఉన్నాయి అందులో. చెబుతాను. అయితే ముందే ఒక మాట. సముద్రం అంటే మా ఊరి చెరువు. ఈ కట్ట మీద నిలబడి తిడితే ఆ ఒడ్డున బట్టలు ఉతికే మా మేనత్త జవాబు చెప్పేది. నౌక అంటే ఎనిమిది మంది పట్టే పాత ఫైబర్ బోటు. నౌకానాయకుడు మా బాపు, అంటే నాన్న. ఆయనకు ఈత రాదు.

మాది గొర్లు కాసే ఇల్లు. బాపు మాత్రం గొర్ల వెంట తిరగడం ఇష్టంలేక రోడ్డు మీద మోటారు వైండింగ్ దుకాణం పెట్టుకున్నాడు. ఎండాకాలం వచ్చి బోర్లు అడుగంటగానే రైతులు కాలిన మోటార్లను బండ్ల వెనక పసిపిల్లల్లా కట్టుకుని తెచ్చేవారు. వార్నిష్ వాసన, మాడిన రాగితీగ, గోనెసంచి మీద ఆరబెట్టిన కాయిళ్లు, వాటి మధ్య కూర్చుని ఆ తీగతో ఉంగరాలూ గాజులూ అల్లుకునే నేను. సాయంత్రానికి నా వేళ్లు పచ్చగా మారేవి, అమ్మ సున్నిపిండి పెట్టి రుద్దేది, తీగ పచ్చ పోయేది కాదు గానీ నా తోలు పోయేది. తెలంగాణ వచ్చిన కొత్తలో చెరువు పూడిక తీశారు. ఆ మీదటి వానలకు చెరువు నిండి అలుగు పోసింది, బోర్లలో నీళ్లు పైకొచ్చాయి, మోటార్లు కాలడం మానేశాయి. ఊరంతా పండగ చేసుకుంటుంటే దుకాణం ముందు ఈగలు తోలుకున్నది మా బాపు ఒక్కడే.

అప్పుడు పుట్టింది, నిండిన చెరువులో జనాన్ని కిరాయికి తిప్పే బోటు ఆలోచన. హుజూర్‌నగర్ అవతల, కృష్ణ ఒడ్డున ఎవరో వాడి వదిలేసిన బోటు అమ్మకానికి ఉందని తెలిసింది. దానికోసం అవ్వ, అంటే బాపును కన్నతల్లి, తన గొర్లను అమ్మింది. అమ్మింది అనడం కంటే, బాపు అడుగుతుంటే అడ్డం చెప్పలేక ఊరుకుంది అనడం నయం.

"గొర్రె అయితే మేస్తది, ఈంతది. గీ పడవ ఏం ఈంతది రా?" అంది బోటును లారీలోంచి దించుతుంటే.

"జర ఓపిక పట్టవే అవ్వా. ఇది ఒక్క దసరాకే ఈంతది" అన్నాడు బాపు.

దసరా మాట ఊరికే అనలేదు. చెరువు కమిటీ పెద్దమనిషి బోటు నడుపుకోవడానికి దసరా దాకే అనుమతి ఇచ్చాడు. పండగనాడు జనమంతా కట్ట మీదికొస్తారు, ఆ రోజు మంచిగా నడిస్తే అనుమతి ఖాయం, లేకుంటే వేరేవాళ్లను చూసుకుంటామన్నాడు. అవ్వ మాత్రం బోటును ఎక్కనేలేదు. దాని వైపు చూసేది కూడా కాదు. ఇంట్లో ఆమె, బాపు ఒకరితో ఒకరు నా ద్వారా మాట్లాడుకునేవారు, నేనేదో టెలిఫోన్ ఎక్స్ఛేంజీ అయినట్లు.

ఆ ఎండాకాలం సెలవులన్నీ నాకు బోటులోనే గడిచాయి. చెరువు గాలికి నాచు వాసన, కట్ట మీద తుమ్మపూల వాసన, బోటు లోపల డీజిలు, గ్రీజు, బాపు చెమట. సీటు కింద మూత తీసి ఒక్కొక్కటే చూపించేవాడు. ఎర్ర తీగ ప్రాణం, నల్ల తీగ నేల. ఇది మెయిన్ స్విచ్చు, ఇవి ఫ్యూజులు, ఇది హారను, ఇది ముందరి లైటు. బోటు మొరాయిస్తే ముందు స్విచ్చు చూడు, తర్వాత ఫ్యూజు చూడు, తర్వాత బ్యాటరీ మీద తెల్లపొడి పట్టిందేమో చూడు. సుస్తీ చేసిన గొర్రెకు అవ్వ ముందు కంటిరెప్ప, తర్వాత నోరు, ఆ తర్వాత పొట్ట చూసినట్లే ఉండేది ఆ వరస. ఆ మాట అంటే బాపుకు కోపం. నడిపేవాడు చేతికి తగిలించుకునే ఎర్ర తాడు ఒకటుండేది, వాడు నీళ్లలో పడితే తాడు ఊడి ఇంజను దానంతటదే ఆగుతుంది. అది దిష్టితాడని నమ్మి అమ్మ దానికి నిమ్మకాయ కట్టింది. అన్నిటికంటే నాకు నచ్చింది అడుగు పలక కింద దాక్కున్న చిన్న పంపు. దాని పక్కన తేలే స్విచ్చు ఉండేది. బోటులో నీళ్లు చేరితే అది పైకి లేస్తుంది, పంపు నీళ్లను బయటికి తోసేస్తుంది, నీళ్లు తగ్గితే అది పడుకుంటుంది, పంపూ పడుకుంటుంది. మెయిన్ స్విచ్చు బందు చేసినా దానికి బ్యాటరీ నుంచి కరెంటు అందుతూనే ఉంటుంది. "మనం పండుకున్నా గిది కావలి ఉంటది బిడ్డా" అనేవాడు బాపు. మా ఇంట్లో జీతం అడగని పాలేరు అదొక్కటే.

బతుకమ్మ రోజులొచ్చాయి. తెల్లవారకముందే అవ్వ వెంట పూల కోసం మెట్ట చెల్కల్లోకి పోయేవాళ్లం. మంచుకు తడిసిన గునుగు కాళ్లకు తగిలి చల్లగా గిలిగింతలు పెట్టేది, తంగేడు విరిస్తే చేతులకు పచ్చివాసన అంటుకునేది. సద్దుల బతుకమ్మనాడు ఇల్లంతా నువ్వులు వేయించిన వాసన, చింతపులుసు సద్ది, పెరుగు సద్ది, బెల్లం వేసి పిసికిన మలీద ముద్దలు. అవ్వ గునుగు కాడలకు రంగులద్ది వరసలు పేరుస్తుంటే బతుకమ్మ నా ఎత్తుకు వచ్చింది. నేను పొట్టిదాన్నే అనుకోండి. అయినా పెద్దదే. దాన్ని చూసి బాపు నా వైపు తిరిగి, "అవ్వనడుగు, బతుకమ్మను చెరువు నడుమ వదులుతదా అని" అన్నాడు.

"వదులుత అని చెప్పు" అంది అవ్వ, నేను అడగకముందే.

ఆ సాయంత్రం అవ్వ మొదటిసారి బోటు ఎక్కింది. ఒక చేత్తో బతుకమ్మను, ఒక చేత్తో బాపు భుజాన్ని పట్టుకుంది. వాడలోని ఆడవాళ్లందరూ తమ బతుకమ్మలనూ అందించారు, బోటు అడుగంతా పూలు, రాలిన రేకులు, విరిగిన కాడలు. నడుమకు పోయాక బాపు ఇంజను ఆపి ముందరి లైటు వేశాడు. అవ్వ బతుకమ్మను నీళ్లలోకి జార్చి, అది తిరుగుతూ పోతుంటే చాలాసేపు చూసింది. తిరిగొచ్చేటప్పుడు నేరుగా బాపుతోనే అంది: "మంచిగనే ఉన్నది రా నీ పడవ." అంతే. ఎక్స్ఛేంజీ మూతపడింది. నా ఉద్యోగం పోయింది.

ఆ ఏడు తిథులు కలిసి మరునాడే దసరా వచ్చింది. పొద్దున బాపు తాళం తిప్పితే ఇంజను టక్కుమంది, మళ్లీ టక్కుమంది, అంతకుమించి ఏమీ అనలేదు. స్విచ్చు చూశాడు, ఫ్యూజులు చూశాడు, మీటరు పెడితే బ్యాటరీలో ఏమీ లేదు. లైటు బందు చేయడం మరిచానేమో అనుకున్నాడు. అప్పటికే కట్ట మీద జనం. ఎవరిదో ట్రాక్టరు బ్యాటరీ అడుక్కొచ్చి బిగించాడు, ఇంజను లేచింది. పగలంతా బోటు తిరుగుతూనే ఉంది. పిల్లలు హారను కొట్టారు, డప్పులు మోగాయి, ఆ మోతలో అడుగు పలక కింద సన్నగా గుర్రుమంటున్నదాన్ని ఎవరూ వినలేదు.

జమ్మి ఆకులు పంచుకున్నాక కమిటీ పెద్దమనిషి కుటుంబంతో ఎక్కాడు. చెరువు నడుమ ఫొటో దిగాలి, ఇంజను ఆపమన్నాడు. బాపు ఆపాడు. ఫొటో బాగా వచ్చింది. ఇంజను మళ్లీ రాలేదు. చేత్తో లాగి లేపే తాడు పాత యజమాని కాలంలోనే తెగిపోయింది. తెడ్డు ఒక్కటే ఉంది. దాన్ని ఒకవైపే వేస్తుంటే పెద్దమనిషి పట్టుబట్టలతో సహా ఉన్నచోటే గుండ్రంగా తిరిగాడు. చివరికి చేపలు పట్టే ఒకాయన థర్మాకోల్ తెప్ప మీద వచ్చి మా ఫైబర్ బోటును తాడేసి ఒడ్డుకు లాక్కొచ్చాడు.

"మోటార్లు చుట్టెటోనివి, బ్యాటరీ చూసుకోరాదా?" అన్నాడు పెద్దమనిషి దిగుతూ. జనం నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఏడుపొచ్చేలా ఉందని.

అందరూ పోయాక బాపు అడుగు పలక ఎత్తాడు. కాలిన వాసన గుప్పుమంది. తేలే స్విచ్చు కింద రంగు గునుగు కాడ ఒకటి అడ్డంగా ఇరుక్కుని దాన్ని పైకి ఎత్తిపట్టి ఉంది. నీళ్లు లేకున్నా పంపు నిన్న సాయంత్రం నుంచి తిరిగి తిరిగి, రెండు బ్యాటరీలు తాగి, తానూ మాడిపోయింది. బాపు ఆ కాడను లాగాడు. స్విచ్చు మెల్లగా పడుకుంది.

"అవ్వకు చెప్పకు బిడ్డా" అన్నాడు. "చెప్తే ఇగ బతుకమ్మను పేర్వది."

"పూలదే కదా బాపూ తప్పు?"

"పూలదేం తప్పే. నేనే ఆ స్విచ్చు సుట్టు తీగ జాలీ కొట్టక పోతిని."

అప్పుడే కట్ట దిగి అవ్వ వచ్చింది. బాపు కాడను జేబులో పెట్టుకున్నాడు. "ఏమైందిరా?" అంటే, "బ్యాటరీ ఖరాబైంది" అన్నాడు.

"అగ్గువకు దొర్కిందని పాతది తెచ్చుంటవ్. బంగారమసొంటి గొర్లను ఆగం చేస్తివి కదరా" అంది అవ్వ. ఆయన తల ఊపాడు.

అనుమతి పోయింది. పెద్దమనిషికి అసలు సంగతి చెబితే ఒక మాట వినేవాడేమో, బతుకమ్మ పూలంటే ఎవరు మాత్రం కాదంటారు? కానీ అక్కడ చెబితే సాయంత్రానికల్లా అవ్వకు తెలుస్తుంది. అందుకని ఊరంతటికీ బ్యాటరీ సంగతే చెప్పాడు. బోటును ఇంజను ధరకే ఎవరికో ఇచ్చేసి, చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో మెయింటెనెన్స్ పనికి కుదిరాడు. అవ్వ ఆ తర్వాత ప్రతి ఏడూ బతుకమ్మను పేర్చింది, ప్రతి ఏడూ ఆ బ్యాటరీని తిట్టింది. ఆమె నడవలేని ఏడు బాపు డ్యూటీ నుంచి వస్తూ కంపెనీ బస్సును దారిలో ఆపించి, యూనిఫాం చొక్కాలో గునుగు మూట కట్టుకొచ్చాడు. ఒడిలో పోసుకుంటూ కూడా ఆమె, "పూలు తెచ్చుడు తెలుస్తది గని బ్యాటరీ చూసుడు తెల్వదు" అంది. నేను నోరు తెరవబోయాను. బాపు నా వైపు చూశాడు. మూసుకున్నాను. ఆ చలికాలమే అవ్వ పోయింది. కొడుక్కి బ్యాటరీ చూడడం రాదనే నమ్మకంతోనే పోయింది. జోకు వేయడానికి నేను ఎన్నోసార్లు చూశాను, ఈ ఒక్కచోట ఏదీ అతకదు.

ఇప్పుడు ఆ చెల్కలన్నీ ప్లాట్లయ్యాయి. హద్దురాళ్లకు తెల్లసున్నం, వెంచర్ల పేర్లకు రంగు, గునుగు మాత్రం లేదు. బజారులో కట్టలు కట్టి అమ్ముతారు. పోయిన పండక్కి ఇంటికి పోతే బాపు, నేను కట్ట మీదికి వెళ్లాం. ఒడ్డున హంస ఆకారం పడవలు వరుసగా కట్టి ఉన్నాయి. బాపు ఒకదాని దగ్గర వంగి, సీటు కిందికి చాలాసేపు చూశాడు.

"లోపట ఏం లేదు కాకా, తొక్కితే పోతది" అన్నాడు అక్కడి కుర్రాడు.

నిజమే. వాటికి వైర్లుండవు. పక్కన బోర్డు మీద రాసి ఉంది: లైఫ్ జాకెట్ తప్పనిసరి. సోమవారం సెలవు.