ఇరవయ్యో వరుస

దయ్యాలున్నాయంటే బీఎస్సీ చదివే రోజుల్లో నవ్వేదాన్ని. ఇప్పుడూ ఒప్పుకోను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

అప్పుడు మేం బూర్గంపాడులో ఓ పెంకుటింట్లో కిరాయికి ఉండేవాళ్లం. పాపకు ఎనిమిదో నెల. మావారి స్నేహితుడు శ్రీధర్ ఓ సర్వే కోసం అడవి పక్క గూడేల్లో తిరిగి, ఆడవాళ్లు రోజులో ఏ పని ఎంతసేపు చేస్తారో అడిగి ఒక్కొక్కరికి ఒక్కో ఫారంలో రాసుకొచ్చేవాడు. వాళ్లకు గడియారాలు లేవు. కోడికూత, పొద్దు వాలడం, బస్సు హారన్ ఆనవాళ్లుగా చెబితే అతను గంటల్లోకి మార్చేవాడు. ఆ ఫారాలు చూసి గ్రాఫ్ కాగితం మీద రంగులు వేయడం నా పని.

మనిషికో వరుస, గంటకో గడి. వంటకు ఎరుపు, పొలానికీ అడవికీ ఆకుపచ్చ, నిద్రకు నీలం, రాతపనికి ఊదా, పిల్లలకు పసుపు. పిల్లను చంకనేసుకునే పని చేస్తే గడిని ఐమూలగా విడదీసి సగం పసుపు వేయాలి. ఆ తల్లుల వరుసల్లో పసుపు లేని గడి దాదాపు ఉండేది కాదు.

ఓ మధ్యాహ్నం పని అయిపోయిందని లెక్క చూసుకున్నాను. ఫారాలు పందొమ్మిది. వరుసలు ఇరవై. మూడుసార్లు లెక్కపెట్టాను.

చివరి వరుసలో పదింటి నుంచి ఊదా రంగు ఉంది. ఆ ఫారాల్లో రాతపని చేసే మనిషి ఒక్కరూ లేరు. ఐదింటికి లేవడం, ఎనిమిదిదాకా వంట, పదింటికి రాత. అది నా రోజే. ఎడమచేతి వాటం గీతలు కూడా నావే. వేసినట్టు మాత్రం గుర్తు లేదు.

అంతదాకా ప్రతి గడిలో సగం పసుపు ఉంది. మధ్యాహ్నం మూడింటి గడి నుంచి లేదు. సాయంత్రం వంట ఉంది. రాత్రి నిద్ర ఉంది. పిల్ల లేదు.

గడియారం చూశాను. మూడుకు పది నిమిషాలు తక్కువ. దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో పాప నిద్రపోతోంది.

పసుపు పెన్సిల్ తీసుకుని మిగిలిన గడులన్నిటి మీదా రుద్దాను. ఒత్తిడికి కాగితం కొంత చిరిగింది. అదీ చాలక పాపను ఎత్తుకుని పక్కింటి రాములమ్మ దగ్గరికి పరుగెత్తాను.

ఆమె పెసలు చెరుగుతోంది. "ఏందమ్మా, గింత ఎండల పిల్లనెత్తుకొని ఉరుకుతున్నవ్? ఇంట్ల పాము జొచ్చిందా?"

"ఏం లేదక్కా. ఊరికే."

"పొద్దంత రంగులేసుకుంట కూసుంటే గిట్లనే అయితది. కూసో, చాయ్ పెడ్త."

చాయ్ గ్లాసు చేతికి రాకముందే మా ఇంట్లో పెద్ద చప్పుడైంది. దూలం విరిగి, పెంకులతో సహా ఉయ్యాల మీద పడింది.

"లోపల్నే చెదలు తిన్నయి" అన్నాడు ఇంటి యజమాని. నిజమే. చూపించాడు కూడా.

శ్రీధర్ వచ్చి, "ఈ కింది వరుస ఎవరిది వదినా?" అన్నాడు. పొరపాటున వేశానన్నాను. దాన్ని కత్తిరించి పారేయబోతే అతని చేతిలోంచి లాక్కున్నాను.

దూలం సంగతి చెదలతో తేలిపోయింది. ఆ వరుస ఎప్పుడు వేశానో, అసలు నేనే వేశానో లేదో తేలలేదు. పాపను కాపాడింది ఎత్తుకుని పరుగెత్తడమా, పసుపు రుద్దడమా, అదీ తెలియదు.

పాపకు ఇప్పుడు మూడేళ్లు. నా పక్కనే పడుకుంది. నేను రుద్దిన పసుపు ఆ రోజు అర్ధరాత్రి గడితో ఆగిపోయింది. ఆ తర్వాతి రోజులకు నా దగ్గర గడులు లేవు.