బళ్లారిలో మా అమ్మాయి చెప్పిన మాట

నిన్న వంటింట్లో పప్పు మెదుపుతున్నాను. కాలేజీ సెలవులకు వచ్చిన మా అమ్మాయి వరండాలో ఎవరితోనో ఫోన్లో కన్నడంలో మాట్లాడుతూ పగలబడి నవ్వుతోంది. అయినా నా చెయ్యి ఆగిపోయింది. ఆ భాష చెవిన పడితే ఇప్పటికీ నాకు గుండె దడే.

నల్లమాడ దగ్గర మా బోరు ఎండిపోయాక కర్ణాటక సరిహద్దులోని విడపనకల్లులో పొలం కౌలుకు తీసుకున్నాం. నాకూ మా ఆయనకూ కన్నడం ముక్క రాదు. అమ్మాయికి అప్పుడు పదమూడేళ్లు. బడి వదలగానే, మిరపకాయల తొడిమలు తీయడానికి సరిహద్దు అవతలి నుంచి వచ్చే ఆడవాళ్ల మధ్య చేరిపోయేది. చేతులు మండుతున్నాయని ఏడ్చిన పిల్ల, నెల తిరిగేసరికి వాళ్లతో కన్నడంలో పోట్లాడుతోంది. బళ్లో లెక్కలు మాత్రం బుర్రకెక్కవని సణిగేదాన్ని. నా మీద ఏం చాడీలు చెబుతోందో అన్న అనుమానమూ లేకపోలేదు.

ఒకరోజు పొద్దున మిరపతోటకు నీళ్లు కడుతుంటే మా ఆయనను పాము కరిచింది. ఆసుపత్రికి పోదామని అమ్మాయి మొత్తుకుంది. పాము కరిస్తే ముందు పసరు తాగించడం మా ఇంటి అలవాటు. నేనే పట్టుబట్టి పక్క ఊళ్లో పసరు పోసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. మూడు గంటలు అక్కడే గడిచాయి. మా ఆయన కనురెప్పలు వాలిపోతుంటే అప్పుడు బళ్లారికి పరుగెత్తాం.

డ్యూటీలో ఉన్న డాక్టరు ధార్వాడ వైపాయన, తెలుగు రాదు. అమ్మాయి చెవిలో చెప్పాను: "పసరు సంగతి ఎత్తద్దు. వింటే చూడనంటాడు. ఇప్పుడే కరిసిందని చెప్పు."

తలూపింది. డాక్టరు అడుగుతున్నాడు, అది చెబుతోంది. నేను ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాను. "మూరు గంటె" అంటే మూడు గంటలని మాత్రం తెలిసిపోయింది. మొత్తం చెప్పేసింది. డాక్టరు నావైపు ఒక్క చూపు చూసి నర్సును కేకేశాడు. మా ఆయనను లోపలికి తోసుకుపోయారు.

"ఎందుకు చెప్పినావే?"

"దాచిపెడితే మందు ఎట్ల ఏస్తారు మా? ఉండేదే చెప్పినా."

"ఆయప్ప ఏమన్నాడు?"

"ఏం కాదన్నాడు. నువ్వు ఈడనే కూచో."

కూర్చున్నాను. అది కూర్చోమంటే కూర్చోవడం, ఆసుపత్రి కాగితాల మీద వేలిముద్ర వేయమంటే వేయడం. రెండో రోజు సాయంత్రం మా ఆయన కళ్లు తెరిచాడు.

ఇంటికొచ్చాక అడిగాను, మొదటిరోజు డాక్టరు నిజంగా ఏమన్నాడని.

"బతికేది కష్టమన్నాడు మా" అంది, నా మొహం చూడకుండా.

డాక్టరు దగ్గర దాచమంటే దాచలేదు. నా దగ్గర మాత్రం ఆ మాటను రెండు రోజులు ఒక్కతే దాచుకుంది. పిల్లలు ఏడాదికింత పెరుగుతారనుకుంటాం. మా అమ్మాయి ఆ రెండు రోజుల్లోనే పెరిగిపోయింది, నేను పక్కనే కూర్చుని ఉండి కూడా చూడలేదు.