ఉండిపొమ్మని పెట్టిన పేరు

మా ఊళ్ళో ఆఖరి బెమాన్‌అలీ పోయి ఈ చలికాలానికి రెండేళ్ళు. శ్మశానానికి వెళ్ళి ఆయన రాయి వెతికితే మీకు ఆ పేరు కనబడదు. 'ఉస్తాద్ షఫీ, జిలూ నేతగాడు' అని చెక్కి ఉంటుంది. షఫీ ఎవరో నాకు బాగా తెలుసు. ఎనిమిది నెలలు బతికి, పాలు కక్కుకుని పోయిన పసివాడు. జిలూ కాదు గదా, ఒక్క పోగు నేసిన పాపాన పోలేదు వాడు.

బెమాన్ అంటే మా ఫార్సీలో 'ఉండిపో' అని. అలీ అరబ్బుల నుంచి వచ్చిన మా ఇమాము పేరు. రెండూ కలిపితే, అలీ మీద ఆన, ఉండిపోరా నాయనా అని బతిమాలడం. మా అమ్మమ్మల కాలంలో యజ్ద్ చుట్టూ ఉన్న ఎడారి ఊళ్ళలో వీధికొక బెమాన్‌అలీ ఉండేవాడు. ఆడపిల్లయితే బెమానీ. సరదాకి పెట్టుకునే పేరు కాదది. వరసగా ముగ్గురో నలుగురో మట్టిలో కలిశాక, కడుపు కాలిన తల్లి ఆ తర్వాతివాడికి పెట్టేది. ఆనక టీకాలొచ్చాయి, గొట్టాల నీళ్ళొచ్చాయి, పిల్లలు బతకడం మొదలుపెట్టారు, పేరుకి పని లేకుండా పోయింది. ఇప్పుడు ఎవరైనా వింటే మూతి తిప్పుతారు. పల్లెటూరి పేరు, చావు వాసన కొడుతుంది అంటారు. గుమ్మంలో చావుని కూర్చోబెట్టుకుని పెట్టిన పేరుకి అత్తరు వాసన ఎక్కణ్ణుంచి వస్తుంది?

బెమాన్‌అలీ తల్లి గౌహర్‌కి అతనికంటే ముందు నలుగురు పుట్టి పోయారు. నాలుగోవాడు షఫీ. వాడు పోయినప్పుడు వాడి సర్కారు గుర్తింపు పుస్తకాన్ని రద్దు చేయించలేదు. బిడ్డ చచ్చాడని చెప్పుకోవడానికి గాడిదెక్కి పట్నందాకా ఎవరు పోతారు? ఆ తర్వాత పుట్టినవాణ్ణి అదే పుస్తకంలో నడిపించేయడం ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో ఉన్నదే. కాని గౌహర్ ఆలోచన వేరు. పేరు రాయించిన నలుగుర్నీ అజ్రాయీల్ తీసుకుపోయాడు కాబట్టి, ఐదోవాడి పేరు నోట్లో ఉండాలి తప్ప రాతలో ఉండకూడదనుకుంది. మృత్యుదూత వచ్చి పుస్తకం తిరగేస్తే షఫీ కనబడాలి, వీణ్ణి ఎప్పుడో తీసుకెళ్ళాం గదా అనుకుని వెనక్కి పోవాలి. ఆకాశంలో కూడా మన గుమాస్తాల్లాంటివాళ్ళే ఉంటారని ఆవిడ నమ్మకం. కొడుక్కి బుద్ధి తెలిశాక ఖురాన్ మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకుంది. ఆవిడ బతికుండగా ఆ పేరు ఎక్కడా రాయకూడదు.

పుస్తకం ప్రకారం ఏడాదిన్నర పెద్దవాడవడంతో మీసం సరిగా రాకముందే పట్టాళంలోకి లాక్కుపోయారు. "చచ్చిన అన్న తరఫున రెండేళ్ళు కవాతు చేసొచ్చానురా" అని నవ్వుతూ చెప్పేవాడు. నవ్వుతూ చెప్పాడని నేనూ నవ్వేవాణ్ణి. అప్పట్లో నాకు అంతకంటే తెలివి లేదు.

నా పేరు అస్కర్. ముప్ఫై ఆరేళ్ళు ఆయన పక్కన మగ్గం మీద కూర్చున్నాను. మేం నేసేది జిలూలు, అంటే మసీదుల్లో పరిచే నూలు తివాచీలు, నీలం తెలుపు. ఒకడు తాళ్ళు లాగి బొమ్మ పట్టాలి, ఇంకొకడు పోగు దూర్చి దువ్వెనలాంటి ఇనప పంజాతో దట్టించాలి. తాళ్ళు నావి, పంజా ఆయనది. ఆయనకి నడుం పట్టేసిన రోజుల్లో పంజా నేను పట్టుకుంటే చెవులు మూసుకునేవాడు.

"ఒరేయ్ అస్కర్, అది దట్టించడమా, గాడిద నడకా? నాలుగడుగులేసి ఆగుతుంది, మళ్ళీ నాలుగడుగులు."

"పనైతే అవుతోందా లేదా?"

"అవుతోంది. ఎవరు చేశారో గుడ్డివాడు కూడా చెప్పేస్తాడు, అదే నా బాధ."

జిలూ చివరి పట్టీలో అక్షరాలు నేయడం మా ఆచారం. ఫలానా వారు ఫలానా మసీదుకి ఇచ్చారు, దీన్ని ఎత్తుకుపోయినవాడు సర్వనాశనమైపోవాలి, ఫలానా సంవత్సరం, ఫలానా ఉస్తాద్ పని. అక్షరాలు నేయడంలో ఆయనకు సాటి వచ్చేవాడు మా వైపు లేడు. ఆ చివరి మాట దగ్గరకొచ్చేసరికి మటుకు ప్రతిసారీ ఆయన చేతులు 'షఫీ' అని నేసేవి. తల్లికిచ్చిన మాట గదా. అలా నలభై ఏళ్ళు. షఫీకి పేరొచ్చింది. టెహ్రాను నుంచి పెద్దమనుషులు వచ్చి ఫొటోలు తీసుకున్నారు, అద్దం కట్టిన యోగ్యతాపత్రం ఇచ్చారు. దాన్ని ఇంటికి తెచ్చుకుని తల్లికి చూపించాడు. చూపు పోయిన గౌహర్ అద్దం మీద చెయ్యేసి తడిమింది.

"ఎవరి పేరు రాశారు నాయనా?"

"అన్నయ్యదేనమ్మా."

"హమ్మయ్య" అంది.

గౌహర్ తొంభై రెండేళ్ళు బతికింది. ఆవిడ పోయేనాటికి ఆయనకి డెబ్భై దాటాయి. నలభయ్యో రోజు తంతు అయిన మర్నాడు మగ్గం దగ్గరకొచ్చి కూర్చున్నాడు. ఎగువ మసీదు కోసం పెద్ద జిలూ మొదలుపెట్టి ఉన్నాం. టీ తాగుతూ అన్నాడు:

"అస్కర్, ఇక మాట తీరిపోయింది. దీని మీద నా పేరు వేస్తాను."

"వెయ్యి. ఎవరొద్దన్నారు?"

"ఒక్కదాని మీద చాలురా. అమ్మ నన్ను బతిమాలింది గదా, సరేనమ్మా ఉన్నాను అని చెప్పినట్టు ఉంటుంది. రాత లేకపోతే ఉన్నట్టేంటి? రేపు నేను పోతే షఫీ రెండోసారి పోతాడు. నేనసలు పుట్టనట్టే."

అంత మాట ఆయన నోట అదే మొదటిసారి విన్నాను. ఏడు నెలలు నేశాం. చివరి పట్టీ దగ్గర ఆయన ఎవర్నీ మాట్లాడనివ్వలేదు. 'బెమాన్‌అలీ పని' అని పడ్డాక వెనక్కి జరిగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. అక్షరాలు కొద్దిగా ఎడమకి ఒరిగాయి. జీవితంలో ఆయన వంకరగా నేసిన అక్షరాలు అవే.

ఆ వారంలోనే మంచాన పడ్డాడు. యాభై ఏళ్ళు పీల్చిన దూది రొమ్ములో ఉండలు కట్టింది. జిలూ ఇంకా మగ్గం మీదే ఉండగా మసీదు పెద్ద హాజీ మొయీన్ చూడ్డానికి వచ్చాడు. పట్టీ మీద వేలు పెట్టి చదువుతూ వచ్చి, చివర ఆగాడు.

"ఈ బెమాన్‌అలీ ఎవడు?"

"ఉస్తాయే హాజీ. ఇంట్లో పిలిచే పేరు. అసలు పేరదే."

"మేం అడిగింది షఫీ పని. ఊరంతా షఫీ జిలూ వస్తోందని చెప్పాను. పట్నం వాళ్ళొచ్చి ఇదేదో నకిలీ అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? అయినా మసీదులో ఆ పేరేంటయ్యా, పిల్లలు బతకని ఇంటి గుమ్మంలో కట్టిన తాయెత్తులాగ."

"ఆయన ముచ్చట పడ్డాడు హాజీ."

"నాలుగు వేళ్ళ పట్టీయే గదా. విప్పి మళ్ళీ నెయ్యి. ఆయనకి చెప్పక్కర్లేదు, జబ్బు మనిషి. నువ్వు చెయ్యకపోతే చేసేవాళ్ళు ఉన్నారు. వచ్చే ఏడాది హుసేనియా సంతాపమందిరానికి కావలసిన ఆరు జిలూలూ వాళ్ళచేతే నేయిస్తాను."

నేను విప్పాను. బలవంతం చేశారనీ, ఇంట్లో కూతురి పెళ్ళి ఉందనీ ఆ తర్వాత చాలామందితో చెప్పుకున్నాను. అవన్నీ నిజాలే. ఒక పూట కూడా పట్టలేదు విప్పడానికి. ఆ నీలం పోగులనే మళ్ళీ వాడి 'షఫీ' అని నేశాను. పని మధ్యలో ఒక్కసారైనా లేవలేదు, అదే నాకిప్పటికీ అసహ్యం.

ఆయన లేచి తిరగడం మొదలుపెట్టేసరికి జిలూ మసీదులో పరిచేసి ఉంది. శుక్రవారం నమాజుకి అందరికంటే ముందు వచ్చాడు. గోడ పక్కనుంచి వంగి నడుస్తూ చివరి పట్టీ దాకా వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అక్షరాలు చదివాడు. ఆ తర్వాత అరచేత్తో పట్టీని అటూ ఇటూ నిమిరాడు.

"పంజా నీదే" అన్నాడు, నావైపు చూడకుండా.

తిడితే బాగుండేది. ఆయన లేచి జిలూ దాటి వెళ్ళి, వట్టి నేలమీద నమాజు చేసుకున్నాడు. పోయేదాకా ఆ మసీదులో నేలమీదే చేశాడు. మోకాళ్ళ నొప్పికి చల్లదనం మంచిదని అడిగినవాళ్ళకు చెప్పేవాడు.

మరుసటి వసంతంలో నాకు మనవడు పుట్టాడు. పేరు పెట్టే రోజున ఇంటికి పెద్దదిక్కుగా ఆయన్నే పిలిచాను. మా ఇళ్ళలో నాలుగు చీటీల మీద పేర్లు రాసి ఖురాన్ పుటల మధ్య పెడతారు. పెద్దాయన కళ్ళు మూసుకుని ఒకటి తీస్తే అదే పేరు. నా కోడలు నస్తరన్ అర్షామ్, రాదీన్, బర్సామ్ అని మూడు రాసింది. పాత రాజుల పేర్లు, ఇప్పుడు వీధికి నలుగురున్నారు. ఆ పిల్ల మరమరాల పళ్ళెం తేవడానికి వంటింట్లోకి వెళ్ళినప్పుడు నేను నాలుగో చీటీ మీద బెమాన్‌అలీ అని రాసి లోపల పెట్టాను. ఒక్కడికైనా ఆ పేరు పుస్తకంలో పడుతుందని ఆశ. నా తప్పుకి పరిహారం మనవడి నెత్తిన పెడుతున్నానన్న ఆలోచనే రాలేదు.

ఆయన కళ్ళు మూసుకుని బిస్మిల్లా అని పుట తెరిచాడు. చీటీ తీశాడు. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. చదవడానికి ఒక్క పేరుకి పట్టే సమయం కంటే ఎక్కువే పట్టింది. నస్తరన్ చేతులు రెండూ గడ్డం కింద బిగించుకుని చూస్తోంది.

"అర్షామ్" అన్నాడు.

నస్తరన్ అమ్మ ఆనందంతో మిఠాయిలు చల్లింది. ఆయన చీటీ మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు. పిల్లవాణ్ణి ఒళ్ళోకి తీసుకుని కుడిచెవిలో అజాన్ చదివి, ఎడమచెవి దగ్గర అర్షామ్ అని చెప్పాడు. వాడు ఆవులించాడు.

అందరూ పళ్ళాల చుట్టూ చేరాక ఖురాన్‌ని గూట్లో పెట్టబోతూ తెరిచి చూశాను. మూడు చీటీలున్నాయి. రాదీన్, బర్సామ్, అర్షామ్. ఆయన తీసింది నేను రాసినదే.

గుమ్మం దగ్గరకు పరుగెత్తాను. బూట్లు తొడుక్కుంటున్నాడు.

"ఎందుకలా చేశావు ఉస్తా? నీ చేతికే వచ్చింది గదా."

"ఖురాన్ ముందు అబద్ధమాడాను. ఆ పాపం నాది, నీకెందుకు?"

"నేను నీకోసమే రాశాను."

"తెలుసురా. రాత చూశాను." లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. "ఆ పిల్ల మొహం చూశావా? నేను దీన్ని చదివి ఉంటే మర్యాదకి నోరు మూసుకుని, లోపలికెళ్ళి ఏడ్చేది. పిల్లాడు రాయిలా ఉన్నాడు గదా, అస్కర్. వాణ్ణి ఎవరూ బతిమాలక్కర్లేదు."

గోడ పట్టుకుని లేచి, సందులోకి నడిచాడు. లోపల నస్తరన్ పిలుస్తోంది, మామయ్యా మీరూ ఒకసారి పేరు పెట్టి పిలవండి, పిల్లాడు అలవాటు పడాలి అని. వెళ్ళాను. అందరితో పాటు నేనూ అర్షామ్ అని పిలిచాను.