కిందికి పోయిన డీజిల్

మొన్న నస్పూర్ల నేనేం చేసిన్నో ఎర్కేనా? ఉన్న డీజిలంత పాతాళానికి తోలిన! కంప్యూటర్లనే లేండ్రి, గని నలుగురు ఆఫీసర్ల ముంగట!

ఆడ ఓ లారీ వర్క్‌షాపున్నది. దాని డీజిల్ ట్యాంకు కారి, పక్కనున్న రాజవ్వ పెద్దమ్మ బాయి ఖరాబైంది. పాపం, తాగే నీళ్లు దూరంకెల్లి మోసుకొస్తది. భూమిలకు ఒక పైపుతోని వేడి ఆవిరి కొట్టి, కదిలిన డీజిల్‌ను ఇంకో పైపుతోని గుంజాలె. పైపులు ఏడ దించాల్నో ముందుగాల కంప్యూటర్ల చూసుకోవాలె. గదే నా ఎంటెక్ ప్రాజెక్టు. బొమ్మ సరిగ రాకుంటే ఆఫీసర్లు పైపులే దించనియ్యరు.

"పెద్దమ్మా, డీజిల్ ఎటు పోతది?" అని అడిగిన. "కిందికి పోతది బిడ్డా" అని చెయ్యి చూపెట్టింది. నేను తల ఎత్తితే గద! "కిందికి" అని రాసుకున్న. డీజిల్ నీళ్ల మీద తేలుతదని నాకెర్కనే. గని ఇంజన్లు కడిగే బరువు మందేదో కలిపి పారబోసిండ్రేమో అనుకున్న. మహా తెలివి నాది!

ఒక్కసారి లెక్క నడువాలంటే రెండు రోజులు. రెండుసార్లు కరెంటు పోయింది, మళ్ల మొదటికొచ్చింది. నేను విడుస్తనా? కుర్చీలనే తిని, కుర్చీలనే కునికి పూర్తి చేసిన.

రంగుల బొమ్మలు పట్టుకొని పెద్దమ్మ వాకిట్లనే ఆఫీసర్లకు చూపెట్టిన. పెద్దసారు కళ్లద్దాలు తీసిండు.

"ఏందమ్మా, డీజిల్ నీళ్లల్ల మునుగుతదా?"

"లోకల్ ఇన్ఫర్మేషన్ సార్! పెద్దమ్మనే అడుగుండ్రి."

పెద్దమ్మ నెత్తి కొట్టుకున్నది. "కిందికి అంటే గోదారి దిక్కు బిడ్డా! ఎత్తుల ఉంటె మీది బాయి, పల్లంల ఉంటె కింది బాయి అంటం గద!"

సిగ్గుతోని సచ్చిన! మాది చెన్నూరు. మా బాపు పొలంల గూడ మీది బాయి, కింది బాయే!

"సార్, ఒక్క వారం టైమియ్యుండ్రి. గీ బాయి సంగతి తేల్చకుండ నేను ఇంటికి పోను" అన్న. ఇచ్చిండ్రు. మళ్ల కూసున్న. ఈసారి కంప్యూటర్ల డీజిల్ ఎర్ర మరకయి సక్కగ గోదారి దిక్కు జారింది. ఆవిరి దాన్ని తోలుకపోయి రెండో పైపుల పడేసింది. పెద్దసారు సంతకం పెట్టిండు, పెద్దమ్మ పెరట్ల పైపు దిగింది. జర ఊపిరి పీల్చుకున్న.

పెద్దమ్మ ఖుషీతోని, "చాయ్ కింద పెట్టిన, తాగు బిడ్డా" అన్నది. నేను చటుక్కున లేచి గోదారి దిక్కు నడిచిన. కాళ్ల కాడనే ఉన్న కప్పును తన్నిన! చాయంత మట్టిల ఇంకింది.

పెద్దమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకొని చూసింది. "ఏం చూస్తవు? కిందికే పోయింది, రాసుకో!"