నానమ్మ వేసిన సాంబ్రాణి పొగ

ఆ రోజుల్లో నాకు తెలియనిది కూడా ఉందని ఎవరైనా అంటే నవ్వొచ్చేది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ పాసై, మల్కాజ్‌గిరిలో టీచరుగా చేరి, మొదటి జీతంతో టెలిస్కోపు కొన్నదాన్ని మరి! (మొదటి మూడు వారాలూ అందులో పక్కింటి ఆంటీ ఆరేసిన బట్టలు తప్ప ఏమీ కనబడలేదన్నది వేరే సంగతి.) ఇంట్లో అప్పుడొక గొడవ నడుస్తోంది. పొద్దుగూకగానే నానమ్మ మోకాళ్లు పట్టుకుని డాబా ఎక్కేది. ఆకాశం వైపు చూస్తూ పెదాలు కదిపేది. పిలిస్తే పలికేది కాదు. ఒకసారి మెట్ల మీద జారిపడ్డాక నాన్న తాళం కొనుక్కొచ్చి, "రేపటి సంది డాబా బంద్," అన్నాడు. "ఒక్కరోజు ఆగు నాన్నా, పైన ఏముందో నేను చూపిస్త. ఆ పిచ్చి దానంతటదే పోతది," అని నేను హామీ ఇచ్చాను.

జనవరి చలి, రాత్రి ఏడున్నర. గొల్లకావడి (అదే, ఓరియన్) మూడు చుక్కల కింద ఉండే మసక మచ్చకు టెలిస్కోపు గురిపెట్టాను. చీకట్లో పాలిపోయిన వెలుగు, రెక్కలు చాచుకుని మనవైపే చూస్తున్నట్టు. "అది నెబ్యులా, అంటే పెద్ద గ్యాసు మబ్బు నానమ్మా. అందులో కొత్త నక్షత్రాలు పుడుతుంటయి," అని పాఠం మొదలుపెట్టాను. నానమ్మ కన్ను ఆనించింది. ఎంతకీ తీయలేదు. వీధిలో కుక్కలు కూడా ఒక్కసారిగా మొరగడం మానేశాయి.

"నలుగురూ ఈడనే ఉన్నరు," అంది మెల్లగా.

"అవును, మబ్బు నడుమ నాలుగు చుక్కలు," అన్నాను.

"చుక్కలు గాదు బిడ్డా. మీ నాయన కంటె ముందు పుట్టినోళ్లు. నలుగురు సుత పురిట్లనే పోయిన్రు. ఇన్నొద్దులు ఏడున్నరో అని ఎతుకుతున్న."

ఆ నలుగురి సంగతి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. నిజం చెప్పాలంటే భయమేసింది. నేను తేరుకునేలోపే నానమ్మ కిందికి దిగి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లుకుని మళ్లీ వచ్చింది. "ఇప్పుడే పుడుతున్నయంటివి గద! పసిపిల్లలకు ఊదు పొగ ఎయ్యొద్దా? జెర జరుగు." డాబా అంతా పొగ, ఆ పొగలో తెల్లచీర. పక్కింటి ఆంటీ "అమ్మో, దయ్యం!" అని పెట్టిన కేకకు నాన్న తాళంతో సహా పరుగెత్తుకొచ్చాడు. నానమ్మ టెలిస్కోపు చూపించి, "నీ అన్నలు రా," అంది. నాన్న వంగి చాలాసేపు చూశాడు. తర్వాత తాళం జేబులో వేసుకుని, ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. (పొగకు లెన్సు మసకబారి ఆయనకేమీ కనబడి ఉండదు. జీవితంలో మొదటిసారి నేను పాఠం చెప్పకుండా ఊరుకున్నాను.)

ఇప్పుడు నానమ్మ లేదు. బడిలో పిల్లలకు నెబ్యులా పాఠం గట్టిగానే చెబుతాను. కానీ ప్రతి జనవరిలో డాబా ఎక్కి, ముందు సాంబ్రాణి వేశాకే కన్ను ఆనిస్తాను. ఇంత చదివీ నాకు కనబడేది పొగే. అయినా, "నలుగురూ ఉన్నరు నానమ్మా," అని చెప్పే కిందికి దిగుతాను.