‘ఫర్ గుడ్’ అని నేనన్న మాట

తమిళనాడు సరిహద్దు ఊరు బేరిగైలో పదో తరగతి దాకా తెలుగులోనే చదివి, హోసూరులో డిప్లొమా చేసి, అక్కడే ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో తనిఖీ పనికి చేరాను. మా లైనులో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడేది నేనొక్కదాన్నే. ఉత్తరాది నుంచి వచ్చిన మేనేజరుకు మా భాషలేవీ రావు. ఎవరికి ఏం కావాలన్నా నన్నే ముందుకు తోసేవాళ్ళు. నాకది గర్వంగా ఉండేది.

నా గదిలో ఉండే అక్కది తళి పక్క పల్లె. అదే లైనులో కాంట్రాక్టు పని. నేను కొత్తగా వచ్చినప్పుడు అన్నం వండి పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది. ఒకరోజు వాళ్ళమ్మకు ఆపరేషనని ఫోనొచ్చింది.

“పాపా, సారుకు నువ్వే చెప్పు. పది దినాల్లో వచ్చేస్తాను” అని బస్సెక్కింది.

మరునాడు మేనేజరు దగ్గరికి వెళ్ళి, అక్క పేరు చెప్పి, “మదర్ ఆపరేషన్, సార్. షి వెంట్ టు విలేజ్” అన్నాను.

ఆయన కంప్యూటర్ మీంచి తలెత్తి, “గాన్ ఫర్ గుడ్?” అని అడిగాడు.

గుడ్ అంటే మంచి. తల్లిని చూసుకోవడం మంచి పనే కదా.

“యెస్ సార్, ఫర్ గుడ్ ఓన్లీ” అన్నాను.

ఆయన ఓకే అన్నాడు. సెలవు దొరికిందనుకుని, పది రోజుల మాట ఎత్తకుండానే వచ్చేశాను. మూడో రోజు అక్క చోట్లో ఎవరో కొత్తామె నిలబడింది. అక్క వచ్చేదాకేలే అనుకున్నాను.

పదకొండో రోజు అక్క వచ్చింది. గేటు దగ్గర ఆమె కార్డు పనిచేయలేదు. ఆఫీసు గుమస్తా నన్ను పిలిపించాడు.

“ఆయమ్మ ఇంగ ఎప్పటికీ రాదని నువ్వే చెప్పినావంట కదమ్మా?”

ఫర్ గుడ్ అంటే మంచికని కాదు, ఇక ఎప్పటికీ అని అప్పుడు తెలిసింది. మేనేజరు దగ్గరికి పరుగెత్తి, “మై మిస్టేక్, సార్” అని ఏడ్చాను. ఆయన కూడా నొచ్చుకున్నాడు. కానీ ఆ కొత్తామెను అప్పటికే ఖాయం చేసేశారు.

అక్క గేటు బయట సంచి పట్టుకుని నిలబడే ఉంది. జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను.

“తెలీక చెప్పినావు, ఏం చేసేది? ఏడవద్దు పాపా, జనం చూస్తాండారు” అంది.

ఆ సాయంత్రమే పరుపు చుట్టుకుని వెళ్ళిపోయింది.

ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించబుద్ధి కాక చాలా రోజులు బన్ను తినే పడుకున్నాను.  లైనులో వాళ్ళు మేనేజరుతో ఏదైనా చెప్పాల్సి వస్తే గుమస్తా చేత కాగితం మీద ఇంగ్లీషులో రాయించుకుని ఇవ్వడం మొదలుపెట్టారు. భోజనాల దగ్గర నా పక్కన చోటు మిగిలిపోయేది.

ఒడిశా అమ్మాయి ఒకతె గది చూడ్డానికొచ్చి, ఖాళీగా ఉన్న మూలను చూపించి, “షి విల్ కమ్ బ్యాక్?” అని అడిగింది.

“నో. షి హాజ్ గాన్ ఫర్ గుడ్” అన్నాను. ఈసారి తప్పు లేదు. ఆ అమ్మాయి మాత్రం ఇంకెక్కడో చేరింది.

ఒక ఆదివారం తళి వెళ్ళాను. అక్క గులాబీలు పెంచే పాలీహౌసులో పనిచేస్తోంది. చేతుల నిండా ముళ్ళ గీతలు. టీ తాగించింది. వాళ్ళమ్మ లేచి తిరుగుతోందని చెప్పింది. 

“బస్సు పోతే మళ్ళా యాడ దొరుకుతుంది? పో పాపా” అంది.

మళ్ళీ రమ్మనలేదు. వస్తానని నేనూ అనలేదు.